మళ్లీ అతకని వివాహం: న్యాయస్థానాలు ఎలా తేలుస్తాయి

భార్యాభర్తలు ఇక ఏ విధంగానూ కలిసి కాపురం చేసే అవకాశం లేదని, బంధం కాగితం మీద మాత్రమే మిగిలిందని న్యాయస్థానం నిర్ధారించడాన్ని న్యాయ పరిభాషలో ‘పునరుద్ధరణకు వీలులేని వివాహ విచ్ఛిన్నం’ అంటారు. తప్పెవరిది అన్నది పక్కనబెట్టి, అసలు కాపురం మిగిలి ఉందా లేదా అన్నదే చూడటం ఈ సిద్ధాంతం సారం. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో విడాకులకు ఇది చట్టబద్ధమైన కారణం. భారతదేశంలో కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో గానీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో గానీ ఈ కారణం లేదు. అయినా సుప్రీంకోర్టు దశాబ్దాలుగా ఈ ప్రాతిపదికన వివాహాలను రద్దు చేస్తూనే ఉంది. కింది కోర్టులు, హైకోర్టులు ఇదే పనిని ‘క్రూరత్వం’ అనే పేరుతో చేస్తున్నాయి. చట్టంలో లేనిదాన్ని కోర్టులు ఏ ఆధారాలతో తేలుస్తున్నాయన్నదే ఈ వ్యాస విషయం. ప్రధానంగా హిందూ వివాహ చట్టం కింద వచ్చిన తీర్పులనే ఇక్కడ పరిశీలించాం.

చట్టంలో ఉన్నది, లేనిది

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రధానంగా తప్పు ఆధారంగా నడుస్తుంది. వివాహేతర సంబంధం, క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా విడిచిపెట్టి పోవడం, మతం మారడం, నయం కాని మానసిక వ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం వంటివి అందులోని కారణాలు. కుష్ఠువ్యాధి కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది, 2019లో తొలగించారు. క్రూరత్వం కూడా మొదట్లో విడాకులకు కారణం కాదు, న్యాయబద్ధమైన ఎడబాటుకే పనికివచ్చేది. 1976 సవరణ దాన్ని విడాకుల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత అన్నింటికంటే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది అదే.

ఈ పద్ధతిలో పిటిషన్ వేసినవారు బాధితులు, అవతలివారు దోషులు. పైగా 23వ సెక్షన్ ప్రకారం సొంత తప్పును ఆసరా చేసుకుని ఎవరూ విడాకులు పొందకూడదు. ఇద్దరిదీ తప్పయితే? ఎవరి తప్పూ లేకుండానే కాపురం పొసగకపోతే? వీటికి 13వ సెక్షన్‌లో సూటిగా సమాధానం దొరకదు.

అయితే తప్పుతో పనిలేని దారులు రెండు చట్టంలోనే ఉన్నాయి. ఒకటి 13(1ఏ). న్యాయబద్ధమైన ఎడబాటుకు గానీ, దాంపత్య హక్కుల పునరుద్ధరణకు గానీ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు ఇద్దరూ కలవకపోతే, వారిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. 1964లో ఇది వచ్చినప్పుడు గడువు రెండేళ్లు. 1976లో ఏడాదికి తగ్గించారు. మాట వాడకపోయినా ఇది విచ్ఛిన్న సిద్ధాంతమే. ‘కాపురానికి రమ్మని’ కోర్టు ఆదేశించినా రాలేదంటే ఇక రారని చట్టం ఒప్పుకున్నట్టే. కాపురం నిలబెట్టడానికని దాంపత్య హక్కుల పునరుద్ధరణకు పెట్టిన 9వ సెక్షన్‌ను విడాకులకు మొదటి మెట్టుగా వాడుకునే పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. ఆ 9వ సెక్షన్‌ను 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. ఒక సినీనటికి సంబంధించిన టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టంలేని మనిషిని కాపురానికి పంపమనడం వ్యక్తి గోప్యతకు, శరీరం మీద హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ నిలిచింది. కానీ గోప్యత గురించి జస్టిస్ చౌదరి అన్నది దేశం అంగీకరించడానికి మరో మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

రెండో దారి 13బి, అంటే పరస్పర అంగీకారం. కోర్టు వరండాల్లో దీన్ని ‘మ్యూచువల్’ అని క్లుప్తంగా అంటారు. ఏడాదిగా విడిగా ఉండటం, కలిసి ఉండలేకపోవడం, విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకోవడం దీనికి షరతులు. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమనే అర్థం కాదని 1991లో సురేష్టా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే కప్పు కింద ఉంటూ కూడా భార్యాభర్తలుగా బతకకపోవచ్చు. దంపతుల బాధ్యతలు నెరవేర్చే ఉద్దేశం ఇద్దరికీ లేకపోవడమే ప్రధానం. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసు సడలించింది. రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ నిజాయితీగా తేలిపోయి, ఇంకా ఆగడం వేదనను పొడిగించడమే అనిపిస్తే ఫ్యామిలీ కోర్టే ఆ గడువును మాఫీ చేయవచ్చు.

ఇద్దరూ ఒప్పుకుంటే చిక్కులేదు. ఒకరు కావాలని, మరొకరు వద్దని పట్టుబట్టినప్పుడే అసలు సమస్య మొదలవుతుంది.

క్రూరత్వం చాటున విచ్ఛిన్నం

వరంగల్ లోనో విజయవాడ లోనో ఫ్యామిలీ కోర్టుకు వెళ్లి ‘మా కాపురం అతకదు, విడాకులివ్వండి’ అంటే ఆ ఒక్క మాట మీద కోర్టు ఏమీ చేయలేదు. అందుకే న్యాయవాదులు పిటిషన్‌ను క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం అనే రెండు కారణాల కింద తయారుచేస్తారు. వాటి తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. పెళ్లి తేదీ, కల్యాణ మండపం, ఇచ్చిన కట్నం, పెట్టిన బంగారం ఎన్ని తులాలు, ఆడపడుచు లాంఛనాలు, కాపురం పెట్టిన ఊరు, మొదటి గొడవ, పెద్దమనుషుల పంచాయితీ, పుట్టింటికి వెళ్లిన తేదీ. అవతలివారు వేసే కౌంటర్‌లో ఇవే సంగతులు తలకిందులై వస్తాయి. ఇన్ని పేరాల్లో న్యాయమూర్తి చివరకు గట్టిగా పట్టుకోగలిగేవి రెండే: పెళ్లి తేదీ, ఇల్లు విడిచిన తేదీ. ఈ రెంటి మధ్య గడచిన కాలం ఒకటి, రెండో తేదీ నుంచి నేటివరకు గడచిన కాలం ఇంకొకటి. తర్వాతి తీర్పులన్నీ ఈ రెండు కాలాల నిష్పత్తి చుట్టూనే తిరిగాయంటే అతిశయోక్తి కాదు.

క్రూరత్వాన్ని క్రిమినల్ కేసులా అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర లేదని, ఏ పక్షం కథనం ఎక్కువ నమ్మదగ్గదో చూస్తే చాలని 1975లో దస్తానే కేసు తేల్చింది. ఇంతకంటే పెద్ద మలుపు 1993 నాటి వి. భగత్ కేసు. అందులో భర్త న్యాయవాది. భర్తకు మతి స్థిమితం లేదని, చికిత్స అవసరమని భార్య తన కౌంటర్‌లోనే రాసింది, క్రాస్ ఎగ్జామినేషన్‌లోనూ ఆమె తరఫున అవే ప్రశ్నలు వేశారు. కోర్టు కాగితాల్లో చేసిన ఈ ఆరోపణలే మానసిక క్రూరత్వమని సుప్రీంకోర్టు నిర్ణయించింది. విచ్ఛిన్నం విడిగా ఒక కారణం కాకపోయినా, క్రూరత్వాన్ని బేరీజు వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోదగ్గ పరిస్థితి అని కూడా చెప్పింది. అంటే కేసు నడిచే తీరే కేసుకు సాక్ష్యమైంది. గెలవడానికని రాసిన ఘాటైన కౌంటర్, ఆ బంధం ఇక మిగలలేదనడానికి అవతలి పక్షానికే ఆధారమవుతుంది. ముప్పై ఏళ్లు దాటినా కౌంటర్ల ఘాటు తగ్గలేదన్నది వేరే సంగతి.

2007 నాటి సమర్ ఘోష్ కేసులో దంపతులిద్దరూ ఐఏఎస్ అధికారులు. పదహారేళ్లకు పైగా విడిగా ఉన్నారు. మానసిక క్రూరత్వం ఎన్ని రూపాల్లో ఉంటుందో చెప్పడానికి సుప్రీంకోర్టు ఆ తీర్పులో పద్నాలుగు ఉదాహరణలు ఇచ్చింది. మామూలు చిరాకులు, రోజువారీ కీచులాటలు క్రూరత్వం కావని ఆ జాబితాలోనే ఉంది. చివరిదే ముఖ్యం: సుదీర్ఘకాలం ఎడతెగకుండా విడిగా ఉంటే బంధం మరమ్మతుకు అందకుండా పోయిందని భావించవచ్చు, అలాంటి ముడిని తెంచడానికి నిరాకరించడం వివాహ పవిత్రతను కాపాడినట్టు కాదు, దంపతుల మనోభావాలను పట్టించుకోనట్టు. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో విడాకుల తీర్పుల్లో కూడా తరచుగా కనిపించే తీర్పు ఇది.

2013లో తేలిన కె. శ్రీనివాసరావు కేసు మన గడ్డ మీద నుంచి వెళ్లినదే. పెళ్లయింది 1999లో. కొద్ది రోజుల్లోనే రెండు కుటుంబాలకూ చెడింది. అత్తమామల మీద భార్య అసభ్యకరమైన ఆరోపణలతో ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత క్రిమినల్ కేసులు, అప్పీళ్లు. ఆధారం లేని ఆరోపణలు, ఉద్యోగానికి ఎసరు పెట్టే ఫిర్యాదులు మానసిక క్రూరత్వమే అవుతాయని, అందుకు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండనక్కర లేదని సుప్రీంకోర్టు చెప్పింది. విచ్ఛిన్నం చట్టంలో కారణం కాకపోయినా, ఒకరి చర్యల వల్లో ఇద్దరి చర్యల వల్లో పుట్టిన చేదు మరమ్మతుకు అందనప్పుడు దానికి చాలా బరువు ఇవ్వాలని స్పష్టం చేసింది. ఆ తీర్పులో అంతగా ప్రచారం పొందని భాగం ఇంకొకటి ఉంది. ఫ్యామిలీ కోర్టులు మధ్యవర్తిత్వానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని, భర్త, అత్తింటివారి క్రూరత్వంపై పెట్టే 498ఏ ఫిర్యాదుల్లో కూడా రాజీకి వీలుంటే తొలిదశలోనే మీడియేషన్ కేంద్రాలకు పంపాలని ఆదేశించింది. (ఆ 498ఏ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. జనం నోట ఇంకా పాత నంబరే.)

ఈ దారిలో మరింత దూరం వెళ్లిన తీర్పు 2023 ఏప్రిల్ నాటి రాకేశ్ రామన్ కేసు. దంపతులు కలిసి ఉన్నది సుమారు నాలుగేళ్లు, విడిగా ఉన్నది ఇరవై అయిదేళ్లు. పిల్లలు లేరు. అలాంటి బంధాన్ని కొనసాగించడమే ఇద్దరి పట్లా క్రూరత్వమని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. విచ్ఛిన్నాన్ని నేరుగా 13వ సెక్షన్‌లోని క్రూరత్వంలోకి చేర్చిన ఈ వ్యాఖ్యానం కింది కోర్టులకు కూడా అందుబాటులోకి వచ్చింది. తర్కపరంగా ఇందులో ఒక లోపం ఉంది. క్రూరత్వం అంటే ఒకరు మరొకరికి చేసేది. ‘ఇద్దరూ ఇద్దరికీ’ చేసుకునేది అన్నప్పుడు చట్టం వాడిన మాటను సాగదీసి చట్టంలో లేని కారణాన్ని చేర్చినట్టే. పార్లమెంటు చేయని పనిని తీర్పు చేసినప్పుడు ఇలాంటి అతుకు కనిపించక తప్పదు.

142వ అధికరణ

సుప్రీంకోర్టుకు ఈ సాగదీత అవసరం లేదు. తన ముందున్న వ్యవహారంలో ‘సంపూర్ణ న్యాయం’ చేయడానికి తగిన ఉత్తర్వులు ఇచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణ దానికొక్కదానికే ఇచ్చింది. అయితే చట్టంలో లేని కారణంతో, ఒకరు వద్దంటున్నా, ఆ అధికారంతో విడాకులు ఇవ్వవచ్చా అన్నదానిపై ధర్మాసనాలు తలోమాట చెప్పాయి. 2006లో నవీన్ కోహ్లీ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు చచ్చిపోయిన బంధాన్ని రద్దుచేసి, చట్టంలో ఈ కారణాన్ని చేర్చే విషయం ఆలోచించమని కేంద్రానికి సిఫార్సు చేశారు. 2009లో విష్ణుదత్ శర్మ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు, చట్టంలో లేనిదాన్ని చేర్చడం కోర్టు పని కాదని నిరాకరించారు. అదే ఏడాది అనిల్ కుమార్ జైన్ కేసు, ఈ అధికారం సుప్రీంకోర్టుకే తప్ప హైకోర్టుకు గానీ సివిల్ కోర్టుకు గానీ లేదని చెప్పింది.

ఈ గందరగోళానికి 2023 మే 1న అయిదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం తెరదించింది. శిల్పా శైలేష్ కేసుగా పేరుపడిన ఈ తీర్పును జస్టిస్ సంజీవ్ ఖన్నా రాశారు. జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ ఎ.ఎస్. ఓకా, జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ జె.కె. మహేశ్వరి మిగిలిన సభ్యులు. ఒకరు వ్యతిరేకించినా విచ్ఛిన్నం ప్రాతిపదికన సుప్రీంకోర్టు వివాహాన్ని రద్దు చేయవచ్చు. అది విచక్షణ మాత్రమే, ఎవరూ హక్కుగా అడగలేరు. ఆరు నెలల గడువును మాఫీ చేయవచ్చు, అనుబంధ క్రిమినల్ కేసులను కూడా కొట్టివేయవచ్చు. ఈ కారణం చూపి నేరుగా సుప్రీంకోర్టులో గానీ హైకోర్టులో గానీ రిట్ వేయడం మాత్రం కుదరదు. అంటే ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసి, హైకోర్టు దాటి, ఢిల్లీ దాకా వెళ్లగలిగిన వారికే ఈ ఉపశమనం. సగటు జీతగాడికి, కూలిపని చేసుకునే మహిళకు ఆ దారి ఖర్చులు ఎంత దుర్భరమో చెప్పనక్కర లేదు.

న్యాయమూర్తి ఏం చూస్తారు

శిల్పా శైలేష్ తీర్పు కొన్ని అంశాలు పేర్కొంది. అవి ఉదాహరణలే తప్ప సూత్రాలు కావని కూడా చెప్పింది. పెళ్లయ్యాక ఎంతకాలం కలిసి ఉన్నారు, చివరిసారి ఎప్పుడు కలిసి ఉన్నారు, ఒకరిపై ఒకరు, కుటుంబ సభ్యులపై చేసుకున్న ఆరోపణలు ఎలాంటివి, కోర్టుల్లో ఏ ఉత్తర్వులు వచ్చాయి, వాటన్నిటి ప్రభావం బంధంపై ఎంత పడింది, రాజీ ప్రయత్నాలు ఎన్నిసార్లు జరిగాయి, చివరిది ఎప్పుడు. విడిగా ఉన్న కాలం తగినంత దీర్ఘంగా ఉండాలి. ఆరేళ్లు, అంతకు మించి ఉంటే అది ముఖ్యమైన అంశమవుతుంది. వీటన్నిటినీ దంపతుల వయసు, చదువు, ఆర్థిక, సామాజిక స్థితి, పిల్లలు, అవతలివారు తమపై ఆధారపడి ఉన్నారా, విడాకులు కోరేవారు వారిని ఎలా చూసుకుంటామంటున్నారు అన్న వాటితో కలిపి చూడాలి.

జాగ్రత్తగా చదివితే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయని తెలుస్తుంది. మొదటి సగం ‘కాపురం పోయిందా’ అని అడుగుతుంది. రెండో సగం ‘పోతే నష్టపోయేది ఎవరు’ అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు సుప్రీంకోర్టు దాకా వచ్చేసరికి జవాబు దాదాపు ఎప్పుడూ అవుననే. పదేళ్లు, పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ల కాపురం ఎలా మిగులుతుంది? ఫలితాన్ని తేల్చేది రెండో ప్రశ్నే.

ఇది రెండు తీర్పులను పక్కపక్కన పెడితే బాగా తెలుస్తుంది. 2019 అక్టోబరులో తేలిన ఆర్. శ్రీనివాస కుమార్ కేసు హైదరాబాద్ నుంచి వెళ్లింది. పెళ్లి 1993లో. భర్త వేసిన పిటిషన్‌ను ఫ్యామిలీ కోర్టు 2003లో, హైకోర్టు 2012లో కొట్టివేశాయి. క్రూరత్వం నిరూపణ కాలేదు. సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ధారణను తిరగదోడలేదు. అయితే ఇరవై రెండేళ్లుగా విడిగా ఉన్నారు, రాజీ కుదరలేదు. భార్య ఒప్పుకోకపోయినా 142వ అధికరణ కింద వివాహాన్ని రద్దుచేసి, ఆమెకు శాశ్వత భరణంగా రూ. 20 లక్షలు చెల్లించమని భర్తను ఆదేశించింది. ఆమె ప్రయోజనాన్ని డబ్బు రూపంలో కాపాడవచ్చని కోర్టు భావించింది.

రెండోది 2023 అక్టోబరులో, రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వచ్చిన అయిదు నెలలకు తేలింది. భర్త విశ్రాంత వైమానిక దళ అధికారి, వయసు 89. భార్య విశ్రాంత ఉపాధ్యాయిని, వయసు 82. పెళ్లి 1963లో జరిగింది, ముగ్గురు పిల్లలు. 1984లో ఆయనకు మద్రాసు బదిలీ అయినప్పుడు ఆమె వెంట వెళ్లలేదు; అక్కడి నుంచి ఎడబాటు. 1996లో ఆయన కోర్టుకెక్కారు. జిల్లా కోర్టు విడాకులిచ్చింది, హైకోర్టు రద్దుచేసింది. దాదాపు నలభై ఏళ్ల ఎడబాటు! కొలమానాల ప్రకారం ఇంతకంటే బలమైన కేసు దొరకదు. కానీ ఆ వృద్ధురాలు కోర్టుకు చెప్పింది ఒకే మాట: విడాకులు పొందిన మనిషిగా చనిపోవాలని లేదు, ఈ వయసులో కూడా ఆయనను చూసుకోవడానికి సిద్ధం. కోర్టు విడాకులు నిరాకరించింది. వివాహం భారతీయ సమాజంలో ఇప్పటికీ పవిత్రమైన బంధమే, విచ్ఛిన్నాన్ని అందరికీ ఒకే కొలతగా వాడటం సరికాదు అంది.

ఏళ్ల లెక్కే ప్రమాణమైతే ఈ రెండు తీర్పులూ ఒకదానికొకటి పొసగవు. అవతలి మనిషికి మిగిలేదేమిటి అన్నది ప్రమాణమైతే రెండూ పొసగుతాయి. ఒక చోట డబ్బుతో సర్దగలిగిన నష్టం, రెండో చోట డబ్బుతో సర్దలేని గౌరవం. అయితే దీనికో ఇబ్బంది కూడా ఉంది. ఒకే తరహా కేసు ఏ ధర్మాసనం ముందుకు వెళ్తే ఏమవుతుందో ముందుగా చెప్పలేం. విచక్షణ ఉన్నచోట అనిశ్చితి తప్పదు.

తానే ఇల్లు విడిచిపోయి, ఆరేళ్లు గడిపి, ‘చూశారా, కాపురం చచ్చిపోయింది’ అని వచ్చేవారి మాటేమిటి? 2024లో ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని సూటిగా పట్టించుకుంది. విచ్ఛిన్నానికి పూర్తి బాధ్యత ఉన్నవారు దాన్నే తమకు ప్రయోజనంగా మార్చుకోకూడదని హెచ్చరించింది. తండ్రి పట్టించుకోకుండా వదిలేసిన కొడుకును తల్లి ఒంటరిగా పెంచి పెద్ద చేసిన కేసు అది. విడాకులు దక్కాయి, కానీ భరణం లెక్క ఆమె వైపు మొగ్గింది.

రాజీ ప్రయత్నాలు కూడా సాక్ష్యమే. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్, హిందూ వివాహ చట్టం 23(2) సెక్షన్ ప్రకారం కోర్టు మొదట కలపడానికి ప్రయత్నించాలి. కౌన్సెలింగ్, మీడియేషన్, లోక్ అదాలత్ ఇవన్నీ అందులో భాగాలే. అయితే మధ్యవర్తి గదిలో చెప్పుకున్న మాటలు గోప్యం. న్యాయమూర్తికి అందేది ‘రాజీ కుదరలేదు’ అన్న నివేదికే. ఎన్నిసార్లు పంపారు, ఎవరు హాజరు కాలేదు అన్నదే లెక్కలోకి వస్తుంది. మరో పక్క 2025 జులైలో సుప్రీంకోర్టు భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా అనుమతించవచ్చని తీర్పిచ్చింది. భాగస్వామి ఫోను మీద నిఘా పెట్టే స్థితికి చేరిందంటే ఆ బంధంలో నమ్మకం పోయినట్టేనన్నది తీర్పు ధోరణి.

డబ్బు లెక్కకు 2020 నవంబరు నాటి రజనీష్ తీర్పు ఒక పద్ధతి ఏర్పరిచింది. మనోవర్తి అడిగే ప్రతి కేసులో ఇద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్లు దాఖలు చేయాలి. భరణం ఆసరా కోసమే తప్ప మాజీ భర్త సంపదతో సమానం కావడానికి కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ప్రవాస భారతీయుడి కేసులో చెప్పింది. ఆ కేసులో భార్య చాలా ఎక్కువ కోరింది, కోర్టు రూ. 12 కోట్లతో ముగించింది. ఇలాంటి అంకెలు పత్రికల్లో పెద్దగా వస్తాయి. కింది కోర్టుల్లో నెలకు కొన్ని వేల మనోవర్తి బకాయిల కోసం వాయిదాలు తిరిగే మహిళల సంగతి ఎవరి కంటా పడదు.

పార్లమెంటు ఎక్కడ ఆగింది

ఈ కారణాన్ని చట్టంలో చేర్చాలన్న సిఫార్సు కొత్తది కాదు. 1978లో లా కమిషన్ 71వ నివేదిక మూడేళ్ల ఎడబాటును విచ్ఛిన్నానికి రుజువుగా తీసుకోవాలని సూచించింది. 1981లో బిల్లు వచ్చింది, మురిగిపోయింది. 2009లో 217వ నివేదిక అదే సిఫార్సును మళ్లీ చేసింది. 2010లో ప్రవేశపెట్టిన వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదం పొందింది. మూడేళ్ల ఎడబాటు ఉంటే విడాకులు, తీవ్ర ఆర్థిక ఇబ్బంది వస్తుందనుకుంటే భార్య అభ్యంతరం చెప్పే హక్కు, భర్త వారసత్వ స్థిరాస్తిని కూడా లెక్కలోకి తీసుకుని భార్యకు పరిహారం అందులో ముఖ్యాంశాలు. ఆస్తి నిబంధనపై పురుషుల సంఘాలు మండిపడ్డాయి. తగిన రక్షణ లేకుండా విడాకులు సులువు చేస్తే భార్యలు వీధిన పడతారన్న భయం మహిళల వైపు నుంచి వచ్చింది. లోక్‌సభ ఆమోదం పొందకుండానే 2014లో ఆ సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. అసలు తగాదా ఆస్తిదేనని ఈ చరిత్ర చెప్పకనే చెబుతోంది. వివాహకాలంలో కూడబెట్టిన ఆస్తిలో భార్యకు స్పష్టమైన వాటా ఇచ్చే చట్టం లేనంతకాలం విచ్ఛిన్నం కారణంగా విడాకులన్నది బలహీనుల పక్షాన నిలవదు.

ఇతర మతాల వారి చట్టాలూ ఇదే స్థితిలో ఉన్నాయి. క్రైస్తవులకు 1869 విడాకుల చట్టంలో పరస్పర అంగీకారం 2001లో వచ్చింది, రెండేళ్ల ఎడబాటు షరతుతో. ముస్లిం మహిళలకు 1939 చట్టం ప్రత్యేక కారణాలు ఇస్తుంది.

ఇతర దేశాలు, తిరుపతి కేసు

ఇంగ్లండ్ 1969లో విచ్ఛిన్నాన్ని ఏకైక కారణంగా చేసినా, దాన్ని అయిదు వాస్తవాల్లో ఒకదానితో రుజువు చేయమంది. అందువల్ల తప్పులెన్నడం ఆగలేదు. 2018లో ఓవెన్స్ కేసులో, భర్త ప్రవర్తన తగినంత చెడ్డదని నిరూపణ కాలేదన్న కారణంగా భార్యకు అక్కడి సుప్రీంకోర్టు విడాకులు ఇవ్వలేకపోయింది. ఆ నిరసన నుంచి పుట్టిన చట్టం 2022 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు విచ్ఛిన్నమైందని ఒకరు ప్రకటిస్తే చాలు, కోర్టు విచారించదు. ఆస్ట్రేలియాలో 1975 చట్టం ప్రకారం పన్నెండు నెలల ఎడబాటే రుజువు. అమెరికాలో కాలిఫోర్నియా 1970 జనవరి నుంచి ఈ దారి తెరిచింది, తర్వాత మిగతా రాష్ట్రాలు అనుసరించాయి. అంటే ఆ దేశాల్లో ఏళ్లు లెక్కపెట్టడంతో, లేదా ప్రకటనతో సరిపోతుంది. న్యాయమూర్తి మనిషి మనిషికీ బేరీజు వేయడం ఇంచుమించు భారతీయ పద్ధతే.

ఈ తేడా వల్ల అమెరికాలో ఉన్న తెలుగువారికి కలిగే చిక్కు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన మౌలికమైన తీర్పు ఒక తెలుగు కాపురం మీద వచ్చిందే. 1975 ఫిబ్రవరిలో తిరుపతిలో పెళ్లి. 1978లో ఎడబాటు. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులు అడిగాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం పంపింది, అక్కడికి హాజరు కాలేదు. 1980 ఫిబ్రవరిలో ఆమె లేకుండానే, వివాహం మళ్లీ అతకని విధంగా చెడిపోయిందంటూ ఆ కోర్టు డిక్రీ ఇచ్చింది. మరుసటి ఏడాది అతడు యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ద్విభార్యత్వం కింద క్రిమినల్ కేసు పెట్టింది. 1991 జులైలో వై. నరసింహారావు కేసుగా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలో లేని కారణంతో వచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదు. మిస్సోరిలో అతడి నివాసం కూడా కేవలం విడాకుల కోసం చూపించినదేనని తేల్చింది.

అదే తీర్పులో మినహాయింపులు ఉన్నాయి. అవతలివారు ఆ దేశంలోనే స్థిర నివాసంతో ఉండి, పిటిషన్ కూడా ఇక్కడి చట్టం ఒప్పుకునే కారణంతో ఉన్నప్పుడు, వారు స్వచ్ఛందంగా ఆ కోర్టు ముందు హాజరై, అలాంటి కారణంతోనే వేసిన పిటిషన్‌ను ఎదుర్కొన్నప్పుడు, లేదా విడాకులకు ఒప్పుకున్నప్పుడు ఆ డిక్రీని ఇక్కడి కోర్టులు గుర్తిస్తాయి. ఆంధ్రా, తెలంగాణల నుంచి డల్లాస్, న్యూజెర్సీ వెళ్లి అక్కడి కోర్టులో ఏకపక్షంగా విచ్ఛిన్నం కింద డిక్రీ తెచ్చుకునేవారికి ఈ 1991 నియమమే ఇప్పటికీ వర్తిస్తుంది. అక్కడ విడాకులైనట్టు కనిపించే మనిషి ఇక్కడి చట్టం దృష్టిలో ఇంకా వివాహితుడే. ఆ డిక్రీ నమ్ముకుని రెండో పెళ్లికి ముహూర్తం పెట్టేముందు, అవతలి పక్షం సంతకమో హాజరో ఉందో లేదో చూసుకోవాలి.